నలభై నాలుగు చుట్లు

ట్రాలీ ఆటో ఆగకముందే వెంకటనారాయణ అరుపు వీధి చివరిదాకా వినిపించింది.

"దించండ్రా! ఆ గడపలోనే దించండి. అడ్డంగా పడెయ్యండి, దాటి పోవడానికి లేకుండా!"

ఏడున్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు హుస్సేన్ సాహెబ్ రీవైండింగ్ షాపు గడప మీద దబ్బున పడింది. సిమెంటు పెచ్చు లేచింది. కాలిన తీగ వాసన గుప్పున లోపలికి కొట్టింది.

"మూడోసారి, సాయిబూ! నెల రోజుల్లో ఇది మూడోసారి!"

బెంచి దగ్గర రాగితీగ లాగుతున్న హుస్సేన్ సాహెబ్ చెయ్యి ఆగింది. అరవై తొమ్మిదేళ్ల మనిషి. అద్దంకి చుట్టుపక్కల బోర్లలో తిరిగే మోటార్లలో సగానికి ఆయన చేతి చుట్టే. లేవబోయాడు. దగ్గు అడ్డం వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"పూత రాలిపోతోందయ్యా," అన్నాడు వెంకటనారాయణ. ఈసారి గొంతు తగ్గింది. తగ్గాక ఇంకా భయంగా ఉంది. "నాలుగెకరాల మిర్చి. ఎనిమిది రోజులైంది చుక్క నీళ్ళు లేక. మా గురవమ్మ పక్క చేలోంచి బిందెలతో మోస్తోంది. నాలుగెకరాలకి బిందెలు! పొద్దున లేచి చూస్తే సాలు పొడుగునా తెల్లగా పూతే. చెట్టు మీద కాదు, నేల మీద."



నల్లపాడులో తన షాపుకి తాళం వేసి మరీ వచ్చిన షబ్బీర్, గడప మీది మోటారును ఒకసారి చూసి, తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మూడుసార్లూ చుట్టింది నువ్వే కదా నాన్నా?"

"నేనే."

"ఎన్ని చుట్లు వేశావు?"

"స్క్రీన్ మీద ఉన్నన్ని."

"ఎన్ని?"

"స్లాటుకి ముప్ఫై ఆరు."

మూలన పైపు బిగిస్తున్న బాలు చేతిలోంచి స్పానర్ జారింది. పద్ధెనిమిదేళ్లుగా ఆ షాపులో పని చేస్తున్నవాడు. బోర్లోంచి మోటారు లాగడం, మళ్ళీ దించడం అతని పని. చుట్టడం మేస్త్రీది.

"అదేంటి మేస్త్రీ! ఆ మోటారుకి నలభై నాలుగు కదండీ? ముప్ఫై ఆరేస్తే కరెంటు లాగి లాగి కాలి చావదూ?"

"విన్నారా?" షబ్బీర్ చేతులు చాచాడు. "బోరు పని చేసేవాడికి తెలుసు. మోటారు చుట్టేవాడికి తెలీదు! మూడు నెలల కిందట నలుగురు రైతుల ముందు వేరే మోటారుకి తప్పు లెక్క చెప్పాడు. ఆ రోజే అన్నాను, ఇక నోటి లెక్కలొద్దు, స్క్రీన్ చూసి చుట్టు అని. ఇప్పుడు స్క్రీన్ కూడా చదవలేకపోతున్నాడు. నాన్నా, దిగు. ఈ పూటతో బెంచి దిగు."

హుస్సేన్ సాహెబ్ తలెత్తలేదు. "ఇదిగో, మంచినీళ్ళు," అన్నాడు లోపలికి.

'ఇదిగో' అంటే ఖైరున్నీసా. నలభై రెండేళ్ల కాపురంలో ఆయన భార్యని పేరుపెట్టి పిలిచింది లేదు. చిన్నప్పుడు బడిలో తల్లి పేరడిగితే షబ్బీర్ 'ఇదిగో' అని చెప్పి వచ్చాడని ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. ఈ పూట ఎవరూ నవ్వలేదు.

షాపుకీ వెనకింటికీ మధ్య ద్వారంలో నిలబడి ఉంది ఆమె. గ్లాసు తెచ్చి భర్త చేతికిచ్చింది.

"వాడు చెప్పింది వినండి," అంది మెల్లిగా. "దిగండి. గుంటూరు డాక్టరు ఏమన్నాడు? ఈ పొగలో, ఈ వార్నిష్ వాసనలో ఇంకో ఏడాది కూర్చుంటే ఊపిరితిత్తులు ఉండవన్నాడా లేదా? ఆ చీటీ చింపేసి బెంచి ఎక్కారు. ఇక చాలు."

"బెంచి దిగితే నేనెవర్ని?" అన్నాడాయన. అంతే అన్నాడు.

"ఆగండి అందరూ!"

షాహిస్తా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. డిప్లొమా చదివి ఆ షాపులోనే కంప్యూటరు ముందు కూర్చునే కూతురు. "స్క్రీన్ మీద ఉన్నన్ని అంటున్నాడు కదా నాన్న? స్క్రీన్ ఎవరూ చూడరేం?"

మానిటర్ని అందరి వైపూ తిప్పింది. ఆ మోటారు పేజీ తెరిచింది. కంపెనీ, స్లాట్లు, గేజు, కనెక్షను బొమ్మ. దాని కింద నల్లటి అక్షరాల్లో: చుట్లు, 36.

బాలు దగ్గరికొచ్చి వంగి చూశాడు. "ఇది తప్పు."

"తప్పే," అంది షాహిస్తా. పళ్ళు బిగించింది. "నాన్న స్క్రీన్ చదవలేక కాదు. చదివాడు కాబట్టే కాలింది."

షబ్బీర్ ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే చెల్లెలి మీదికి తిరిగాడు. "అయితే నీ వికీయే తగలబెట్టిందన్నమాట! ఫ్రీగా దొరికిందని తెచ్చి పెట్టావు. ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేరు. మంచిది కొనుక్కుంటే ఇంత పరువు పోయేదా?"

"అసలేంటమ్మా అది?" వెంకటనారాయణ మోటారు మీద కాలు పెట్టి అడిగాడు. "వికీ, వికీ అంటున్నారు. నా చేను ఎండబెట్టిందేంటో నాకూ చెప్పండి."

"చెప్తా బాబాయ్, కూర్చోండి."

"కూర్చోను. చెప్పు."

"నాన్న దగ్గర పదకొండు నోటు పుస్తకాలున్నాయి. ఏ మోటారుకి ఎన్ని చుట్లు, ఏ గేజు తీగ, అన్నీ అందులోనే. నల్లపాడులో అన్నయ్యకి లెక్క కావాలంటే ఇక్కడికి ఫోను. నాన్న నమాజులో ఉంటే అక్కడ పని ఆగేది. వానకి ఒక పుస్తకం తడిసి యాభై మోటార్ల లెక్క పోయింది. అందుకని పోయినేడు ఈ పాత కంప్యూటర్లో వికీ వేశాను. ఒక్కో మోటారుకి ఒక్కో పేజీ. అన్నయ్య అక్కడ ఫోన్లో తెరుస్తాడు, బాలన్న బోరు దగ్గర తెరుస్తాడు, అమ్మ ఇంట్లో తెరుస్తుంది. ఎవరికి కొత్త సంగతి తెలిస్తే వాళ్ళు అక్కడే రాస్తారు. తప్పు కనిపిస్తే అక్కడే దిద్దుతారు."

"వాట్సాప్‌లో పెట్టుకుంటే పోయేదిగా?"

"పెట్టాం. వారం తిరిగేసరికి గుడ్ మార్నింగుల కింద పూడుకుపోయింది. ఒక్కడే రాసుకుని ఒక్కడే చదివేదైతే పుస్తకం చాలు బాబాయ్, వికీ దండగ. పదిమంది రాయాలి, దిద్దాలి, పాతది మాత్రం పోకూడదు అంటేనే ఇది కావాలి. ఫ్రీ అంటే పనికిమాలింది కాదన్నయ్యా. దాన్ని ఎలా రాశారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, బాగు చేసుకోవచ్చు, అందుకని ఫ్రీ. ఎక్కడెక్కడివాళ్ళో వాడుతున్నారు."

"ఎవడుబడితే వాడు దిద్దితే ఇదిగో, ఇలాగే తగలడుతుంది," అన్నాడు షబ్బీర్.

"ఎవడు దిద్దాడో కూడా అది రాసిపెట్టుకుంటుంది. ఆ సంగతి నువ్వు మర్చిపోయావు."

షాహిస్తా పేజీ పైన 'చరిత్ర' అన్న చోట నొక్కింది.

అందరూ స్క్రీన్ చుట్టూ వంగారు.

పేజీ ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు ఏ మార్పు జరిగిందో, తేదీ, టైము, పేరు, వరసగా స్క్రీన్ మీదికి వచ్చాయి. ఏడాది కిందట పేజీ పుట్టినప్పుడు నలభై నాలుగే. ఐదువారాల కిందట ఒక రోజు అది ముప్ఫై ఆరైంది. రెండు రాతలూ పక్కపక్కన పెట్టి, మారిన అంకె కింద రంగు వేసి మరీ చూపించింది కంప్యూటరు.

మార్చినవారి పేరు: హుస్సేన్ సాహెబ్.

"అదీ!" షబ్బీర్ బల్ల మీద గుద్దాడు. "నాన్నే! తనే మార్చాడు, తనే మర్చిపోయాడు! ఇంకా ఏం కావాలి మీకు?"

"నాకు ఫోన్లో టైపు కొట్టడమే రాదురా," అన్నాడు హుస్సేన్ సాహెబ్.

"మరి పేరెలా వచ్చింది?"

"అది నేను చెప్తాను." షాహిస్తా స్క్రీన్ వదిలి అందరి వైపూ తిరిగింది. "ఐదుగురికి ఐదు పేర్లు చేసిచ్చాను. ఎవరి పేరుతో వాళ్ళు లోపలికెళ్ళండని కాళ్ళావేళ్ళా పడ్డాను. బాలన్నా, నువ్వు ఏ పేరుతో వెళ్తున్నావు?"

బాలు తల గోక్కున్నాడు. "మేస్త్రీ పేరుతోనే."

"ఎందుకు?"

"షాపు పద్ధతి అదేగా తల్లీ. ఎవరు చుట్టినా, ఎవరు బిగించినా, మోటారుకి కట్టే చీటీ మీద మేస్త్రీ పేరే రాస్తాం. ఆయన ఉండగా నా పేరు రాసుకుంటానా? ఇక్కడా అదే రాశా."

"అన్నయ్యా, నువ్వు?"

షబ్బీర్ నేలకేసి చూశాడు. "నేనూ అంతే."

"అమ్మా?"

ఖైరున్నీసా కొంగు సర్దుకుంది. "పుస్తకాలు మీ నాన్నవి. ఆయన పేరే కొట్టాను."

"విన్నారుగా?" షాహిస్తా అరిచింది. "అది అబద్ధం చెప్పలేదు. మనం అబద్ధం పేరు చెప్పి లోపలికెళ్ళాం! మర్యాదట, మర్యాద! మీ మర్యాదే నాన్న మెడకి చుట్టుకుంది. నేను చేసిన తప్పూ ఉంది. పేజీలకి తాళం వేసే వీలుంది. వెయ్యలేదు. ఇంట్లోవాళ్ళ మీద తాళమేంటి అనుకున్నాను."

"టైము చూడు," అన్నాడు షబ్బీర్ ఉన్నట్టుండి. స్క్రీన్ మీద వేలు పెట్టాడు. "శుక్రవారం. ఒంటిగంటా ఇరవై."

శుక్రవారం ఒంటిగంటకి హుస్సేన్ సాహెబ్ మసీదులో ఉంటాడు. షబ్బీర్ నల్లపాడు మసీదులో ఉంటాడు. షాహిస్తా ఆ రోజు ఒంగోలులో స్నేహితురాలి పెళ్ళిలో ఉంది. షాపులో ఉండేది ఒక్కడే.

షబ్బీర్ రెండంగల్లో వెళ్ళి బాలు కాలరు పట్టుకున్నాడు.

"ఏరా? పద్ధెనిమిదేళ్లు తిండి పెట్టినందుకా? ఎదురు షాపువాడు ఎంతిస్తానన్నాడు?"

"చెయ్యి తియ్, షబ్బీర్."

"మా నాన్నని పిచ్చివాణ్ణి చేశావు కదరా!"

"తియ్యమన్నానా!" బాలు ఆ చేతిని విదిలించికొట్టాడు. చొక్కా గుండీ తెగి బెంచి కింద పడింది. "శుక్రవారం ఒంటిగంటకి నేనెక్కడుంటానో నీకు తెలుసా? నల్లపాడులో కూర్చున్నోడివి నీకేం తెలుసు! షట్టరు సగం దించి లోపలికెళ్తా. మీ అమ్మ ఆకేసి అన్నం పెడుతుంది. పద్ధెనిమిదేళ్లుగా శుక్రవారం శుక్రవారం మీ వంటింట్లోనే నా తిండి. అమ్మనడుగు! అమ్మా, చెప్పండి."

ఖైరున్నీసా ద్వారబంధాన్ని పట్టుకుంది.

"అమ్మా!" బాలు ఆమె వైపు ఒక అడుగేశాడు. "నన్ను దొంగనంటున్నాడమ్మా. చెప్పండి."

ద్వారబంధం పట్టుకున్న ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి.

"వాణ్ణి వదిలెయ్," అంది చివరికి. "వాడు నా ముందే ఉన్నాడు. తింటున్నాడు."

"నేను చెప్పలా?" బాలు షబ్బీర్ మీదికి దూకినంత పని చేశాడు. "గోంగూర మాంసం పెట్టింది. రెండోసారి వడ్డించి, ఎదురుగా పీట మీద కూర్చుని..."

అక్కడ ఆగిపోయాడు.

 ఖైరున్నీసా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. వంగి, తెగిపడిన గుండీ వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"కూర్చుని ఏంట్రా?" అన్నాడు షబ్బీర్.

"ఏం లేదు."

"ఇంకా ఉంది," అంది షాహిస్తా. ఆమె కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి. "ఇక్కడ చూడండి. పోయిన నెలాఖరు సోమవారం. పొద్దున పదకొండింటికి ఎవరో దీన్ని మళ్ళీ నలభై నాలుగు చేశారు. సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ ముప్ఫై ఆరు చేశారు."

హుస్సేన్ సాహెబ్ గ్లాసు బెంచి మీద పెట్టాడు. నీళ్ళు తొణికాయి.

"అయితే అది నిజమేనా?"

"ఏది నాన్నా?"

"నలభై నాలుగు కనిపించింది నాకు. ఆ సోమవారం. మర్నాడు చూస్తే ముప్ఫై ఆరు." ఆయన గొంతులో కోపం నెమ్మదిగా, బావిలోంచి చేదలా పైకొస్తోంది. "నా చేతికి తెలుసు నలభై నాలుగని. కాలిన తీగ కోసేటప్పుడూ నలభై నాలుగే లెక్కకొచ్చింది. అయినా స్క్రీన్ ముప్ఫై ఆరంటోంది. నేనే మర్చిపోయాననుకున్నా. వీడు నలుగురి ముందు అరిచింది నిజమే, నా బుర్ర పాడైందనుకున్నా. ఎవరికీ చెప్పలేదు. ఐదువారాలు! ఐదువారాలు నా తలకాయని నేనే నమ్మలేదర్రా!"

షబ్బీర్ ముఖం చిన్నబోయింది.

"ఆ సోమవారం మధ్యలో ఆ ఐదున్నర గంటలే ఎందుకు మార్చారు?" షాహిస్తా తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. "ఆ రోజు బెంచి మీద ఏ మోటారుంది?"

బాలు బెంచి కిందినుంచి లేవలేదు.

"నేను చెప్తా!" వెంకటనారాయణ చెయ్యెత్తాడు. "ఆ సోమవారం నేనిక్కడే పడిగాపులు కాశా. నా మోటారు పక్కన పడేసి, అచ్చం అలాంటిదే వేరేవాళ్ళది ముందు చుట్టారు. అడిగితే, దూరం నుంచొచ్చింది, చుట్టాలది అన్నారు. నాకింకా మండుతూనే ఉంది. నల్లపాడు ఆసామీ ఎవరిదో."

"మీరా హుస్సేన్ మామయ్యది," అంది షాహిస్తా.

ఆ మోటారు ఇవాళ్టికీ తిరుగుతోంది. మీరా హుస్సేన్ పత్తి చేను పచ్చగా ఉంది.

ఎవడో నలభై నాలుగు చుట్లు ఒక్క మనిషికి మాత్రం దక్కనిచ్చాడు. మిగతా వాళ్ళకి ముప్ఫై ఆరు.

అందరి తలలూ షబ్బీర్ వైపు తిరిగాయి. నల్లపాడు. మేనమామ. బెంచి దిగు, దిగు అని అరుస్తున్నవాడు.

"ఏంటలా చూస్తున్నారు?" షబ్బీర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకేం తెలుసు? మామయ్య మోటారు ఇక్కడికొచ్చిందని ఇప్పుడు మీరంటేనే వింటున్నా! నా షాపు ముందునుంచే దాటించి, నాకు చెప్పకుండా తెచ్చాడా? నా చేతి పని వద్దా ఆయనకి?"

ఆ ఉక్రోషం నటన కాదు. షాహిస్తాకి తెలుస్తూనే ఉంది. అన్న ముఖంలో దొరికిపోయిన భయం లేదు. మేనమామ తనని కాదన్నాడన్న అవమానం ఉంది.

"బావ చేతిదే కావాలన్నాడులే," అన్నాడు హుస్సేన్ సాహెబ్. ఆ మాట అంటూనే ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"వాడు మోటారు పంపుతున్నట్టు నాకు ఫోను చెయ్యలేదు," అన్నాడు నెమ్మదిగా. "బండి వచ్చాకే నాకు తెలిసింది. ముందుగా ఎవరికి చేశాడు?"

ఆయన బెంచి కిందికి చూశాడు.

"బాలూ, లే."

బాలు లేచాడు. గుప్పిట్లో గుండీ ఉంది.

"శుక్రవారం నీకు రెండోసారి వడ్డించి, ఎదురుగా పీట మీద కూర్చుని ఏం చేస్తోందిరా?"

"మేస్త్రీ, వద్దండి. ఆ అన్నం తిన్న నోటితో..."

"చెప్పరా!"

ఆ గొంతు షాపులో ఎవరూ ఎన్నడూ వినలేదు. వెంకటనారాయణ మోటారు మీదినుంచి కాలు తీసేశాడు.

"ఫోన్లో," అన్నాడు బాలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒళ్ళో మీ పాత నోటు పుస్తకం పెట్టుకుని, ఫోన్లో టైపు చేస్తున్నారు. పుస్తకాలు వికీలోకి ఎక్కించడం ఇంకా అయిపోలేదేమో అనుకున్నా."

ఎక్కించడం అంతకు ఎనిమిది నెలల ముందే అయిపోయింది. ఆ సంగతి షాహిస్తాకి బాగా తెలుసు. తండ్రి గొలుసు రాత తల్లికి తప్ప ఎవరికీ అర్థం కాదని, పదకొండు పుస్తకాలూ తెచ్చి ఆమె ముందు పెట్టింది. మూడొందల పన్నెండు మోటార్లు. ఒక్కో పేజీ తల్లి వేలితోనే పుట్టింది. ఎక్కడా ఒక్క అంకె తప్పు పోలేదు.

షాహిస్తా ద్వారం వైపు చూడలేకపోయింది.

"అమ్మకేం పని నాన్నా ఇందులో?" షబ్బీర్ ఇంకా ఒప్పుకోలేదు. అర్థమవుతున్నకొద్దీ గొంతు పెంచాడు. "అమ్మనంటావేంటి? నీకు నిజంగానే మతి..."

"నోర్ముయ్."

హుస్సేన్ సాహెబ్ బెంచి దిగాడు.

కొడుకూ, భార్యా దిగమంటే దిగని మనిషి, తనంతట తను దిగాడు. రాగితీగ ముక్కల మీద చెప్పుల్లేకుండా నడిచాడు. ద్వారం దగ్గర ఆగాడు. ఆమె కదల్లేదు. తల వంచలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఐదువారాలుగా ఈ క్షణం కోసమే నిలబడి ఉన్నట్టు నిలబడింది. ఆయన డాక్టరు చీటీ చింపేసి బెంచి ఎక్కిన రోజు కూడా అక్కడే, అలాగే నిలబడింది.

'ఇదిగో' అంటాడని ముగ్గురూ ఎదురుచూశారు. కేకేసినా, తిట్టినా, ఆ పిలుపుతోనే మొదలుపెడతాడని.

ఆయన పెదవులు ఒకసారి కదిలి ఆగాయి. నలభై రెండేళ్లుగా పలకని మాట అది. వీధిలో జనం గుమిగూడారు. గడప మీద కాలిన మోటారు ఇంకా వాసనేస్తోంది.

"ఖైరున్నీసా," అన్నాడు.